మూడు కామ్‌లు

రిజేలో ఇవాళా వానే.
కొండల మీద తొలి కోత మొదలైంది.
ప్యాకింగ్ హాల్లో మూడో నంబరు యంత్రం మాత్రం
కిలో సంచీకి మూతి అతకడం మానేసింది.

నూర్‌జిహాన్ బల్ల మీద మూడు కామ్‌లు పరిచింది.
ఒకటి కంపెనీది, నూనె కాగితం చుట్టి, నంబరు చెక్కి.
ధర చెప్పగానే మేనేజరు కిటికీ వైపు చూశాడు.
రెండోది ఇస్తాంబుల్ సందులో చేసిన నకలు.
మెరుపుంది, చవక.
మూడోది వయసులోనే ఆగిపోయిన
ఐదో నంబరు కడుపులోంచి తీసింది,
సగమే అరిగింది, ఇంకా టీ వాసన.

కాలిపర్ నోటికి ఒక్కోదాన్నీ అందించింది.
నకలు, పాడైన ముక్కా
వెంట్రుకవాసి తేడా లేకుండా ఒక్కటే.
అదే దాని జబ్బు.
ఎవడో అరిగినదాన్ని కొలిచి
అరుగుదలతో సహా పోత పోశాడు.
పుట్టుకతోనే ముసలిది.

సరే, కంపెనీదే బిగించారు.
ఇరవై సంచులు.
తర్వాత దవడలు ఒకదాన్నొకటి కొరికాయి.
కొత్తదాని తప్పేం లేదు.
పదిహేడేళ్ళుగా షాఫ్టూ బుష్షులూ గైడూ
పాతదాని కుంటినడకకు అలవాటుపడ్డాయి.

ఇద్రిస్ ఉస్తా గాజు గ్లాసు కింద పెట్టి
"ఎవర్ని మార్చాలో ఇప్పుడు తెలిసిందిగా" అన్నాడు.
ఆగస్టులో ఆయన రిటైర్మెంటు.
ఎవరూ నవ్వలేదు.

ఆమె ఆర్డరు కాగితం తిరగేసి
షాఫ్టు అని రాసింది, బుష్షులు నాలుగు అని రాసింది,
గైడు దగ్గర కలం ఆగింది.
పై తొట్టిలో టీ పొడి అంచుకొస్తోంది,
అది ఎవరి లెక్కలకూ ఆగదు.

ఐదో నంబరు కామ్‌ను కొంగుగుడ్డతో కాదు,
తన చేతి రుమాలుతోనే తుడిచి,
"ఈ రాత్రికి నువ్వే" అంది.