పదకొండు కాపీలు

భీమవరం, ఉండి రోడ్డు, నీళ్ళ పరీక్షల ల్యాబు.
ప్రింటరు పాత విండోస్‌కి కట్టేసి ఉంది.
రిపోర్టులేమో తమ్ముడు లినక్స్ ఎక్కించిన కొత్తదాంట్లో.
పింగ్ కొడితే ఊఁ అంటుంది,
తలుపు తియ్యమంటే మాత్రం
నువ్వెవరంటుంది.

వర్క్‌గ్రూప్ పేరు సరిచూశాను.
ఫైర్‌వాల్ ఆపి, భయమేసి మళ్ళీ పెట్టాను.
జువ్వలపాలెం సూరపరాజు గారు
సీసాలో చెరువు పట్టుకుని
స్టూలు మీద కూర్చున్నారు.
"అమోనియా ఎంతో నోటితో చెప్పమ్మా,
రొయ్య కాయితం చదవదు కదా."

చెప్పాను. ఒకటిన్నర.
మెట్లు దిగుతూనే ఫోన్లో
ఏరేటర్లు వేయించారాయన.

చీకటి పడ్డాక దొరికింది:
పాతదానికి పాత యాసొక్కటే వచ్చు,
కొత్తది ఆ యాస వినగానే చెవులు మూసుకుంటోంది.
తాత చెప్పేవాడు, లాకుల్లో
పైనీరూ కిందినీరూ ఒక మట్టానికొచ్చేదాకా
పడవ అలా నిలబడాల్సిందేనని,
సరంగు ఎంత అరిచినా.

కొత్తదాని సెట్టింగుల్లో ఒక్క వరుస మార్చాను.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత గుర్రుమని
పొద్దుట్నుంచి ఆగినవన్నీ,
అన్నీ సూరపరాజు గారివే,
పదకొండు.

ఒకదాని వెనక రాసుకున్నాను:
పాత యాసకి తలుపు తీశాం, మంచిది కాదు.
పాతది మార్చాలి.
పంట డబ్బులొచ్చాక.