ఏమో

తిరుపతి పెద్దాసుపత్రిలో మూడో అంతస్తు.
కిటికీలో కొండ, గదిలో ఒక తెర, ఒక కుర్చీ, నేను.
కుడికంటి కింద రెండు చుక్కలు అతికించింది
నర్సింగు చదివే పిల్ల, పేరు తబస్సుమ్.
దిష్టిచుక్కలా మే ఇవి అంటే నవ్వింది.
రెప్ప ఎంత గట్టిగా కొట్టుకుంటాదో అవి లెక్క రాస్తాయంట.
మణికట్టుకు పట్టీ, చెవులకు డిప్పలు,
ఉండుండి టప్పుమని ఒక చప్పుడు.

తెర ఆకుపచ్చగా ఉంటే ఏమీ రాదు.
ఎర్రగా ఉంటే పది నుంచి కిందికి లెక్క, సున్నా కాడ షాకు.
నీలంగా ఉంటే
రావచ్చు. రాకపోవచ్చు.

ఎరుపులో బాగానే ఉన్నా.
మూడు, రెండు, ఒకటి, చురుక్. అంతే గదా,
మా పలమనేరు కంచెల్లో తగిలేదానికంటే తక్కువే.
నీలంలోనే కన్ను నా మాట వినలేదు.
షాకు రాకముందు, వచ్చిపోయినాక, అసలు రానప్పుడు కూడా
గట్టునేసిన చేప మాదిరి కొట్టుకునింది.

"ఏం పని చేస్తావు నాయినా?" డాక్టరమ్మ.
పదకొండేండ్లుగా ఏనుగుల ట్రాకర్ని, కౌండిన్య అడివి అంచున.
లద్ది వేడి చూసి చెప్తా, గుంపు ఎంతసేపటి కింద పోయిందో.
"ఏనుగంటే భయమా?"
లేదమ్మా.
కనపడిన ఏనుగు ఒక ఏనుగంతే ఉంటాది.
కనపడనిదే, అడివంత.

గంగులప్ప సంగతి ఆ పొద్దు చెప్పలేదు.
రాగిచేను పక్కన ఒకే బీడీ ఇద్దరం తాగినాం.
గుంపు అవతలికి పోయినట్టే గదరా అన్నా నేను.
"ఏమో" అన్నాడు.
ఆ మాటే నాతో ఇంటికొచ్చింది, వాడు రాలేదు.
కుక్కరు విజిలుకు ముందు బుసలో కూచునింది.
పనసకాయ రాలినా, పక్కింటి గేటు కిర్రుమన్నా,
నిద్రలో దేశమ్మ అటు తిరిగి గాజులు కదిలినా
నేను లేచి గోడకు ఆనుకోనుంటా.

మందు మొదట సగం బిళ్ళ, తర్వాత ఒకటి.
నోరెండిపోయేది. తిట్టుకుంటా మింగినా.
బుధవారం బుధవారం బస్సెక్కి తిరుపతికి.
నలభై నాలుగేండ్లోడికి హోంవర్కు ఇచ్చినారు:
టార్చి లేకుండా టమోటా తోట గట్టు మీద ఇరవై నిమిషాలు,
భయం పదికి ఎంతో రాయాల.
మా పాప లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో రాసినా.
తొమ్మిది. తొమ్మిది. ఎనిమిదిన్నర.
వాన, పోలేదు.
ఆరు.
మళ్ళీ తొమ్మిది, ఆ రాత్రి ఒక కుక్క దగ్గింది.
ఐదు.
ఐదు పక్కన బడి టీచరు పొరపాటున టిక్కు పెట్టి పంపింది.

నాలుగు నెలలకు అదే కుర్చీ, అవే చుక్కలు.
ఎరుపులో గీత అప్పుడెంత లేచిందో ఇప్పుడూ అంతే.
"అది తగ్గాల్సిన పని లేదు," అనింది డాక్టరమ్మ,
"వచ్చేదానికి ఉలికిపడు. రానిదానికి..."
మాట ఆపి నీలం గీత మీద గోరు పెట్టింది.
మా దిక్కు గుట్టలు అట్లాగే ఉంటాయి,
దూరానికి ఏనుగుల గుంపు, దగ్గరికి పోతే గుండ్లు.
అయినా ఆ గుండ్ల వెనక ఒక్కోసారి నిజంగానే ఉంటాది గదమ్మా
అంటే, ఆమె కాదనలేదు.

బాగైపోయినానా అని దేశమ్మ అడుగుతాది.
గంగులప్ప పేరు రాసి కింద అంకె వెయ్యని పేజీ
ఇంకా ఒకటుంది.

నిన్న రాత్రి మంచె మీద నేనూ,
కొత్తగా చేరిన మునిచంద్రా.
అడివి వైపు ఏదో చిటుక్కుమనింది.
రెప్ప కొట్టుకునింది, చుక్కలుంటే రాసుకునేవే.
గుండె నాలుగడుగులు పరిగెత్తి
ఎవరూ తరమలేదని వెనక్కి చూసుకోని నిలబడింది.
"ఏనుగా అన్నా?"
"ఏమో" అన్నా.
అని, గుప్పెడు మట్టి వదిలి గాలి ఎటుందో చూసినా.
ఉడకేసిన చెనక్కాయలు సగం
వాడి దోసిట్లో పోసినా.