తాలుతో సహా

మార్చి ముప్పై ఒకటి. గుంటూరులో
గాలి కూడా మిరపకాయ నమిలి తిరిగే కాలం.
మా లైబ్రరీ కిటికీలు మూసినా
పాత సంపుటాల మధ్య ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉంటారు.
ఈ రాత్రి పన్నెండుకి లైసెన్సు ముగుస్తుంది.
రేపట్నుంచి కొత్త ఒప్పందం, మూడేళ్లకి.
నూట పధ్నాలుగు పేజీలు. పూర్తిగా చదివింది నేనొక్కణ్ణే.

మా నాన్న మిర్చి యార్డులో కాటా గుమస్తా.
టిక్కీ కోసి, పిడికెడు కాయ అరచేతిలో పోసుకుని
మేలు ఇటు, తాలు అటు అనేవాడు.
తాలుకి తాలు ధరే.
నా దగ్గరికొచ్చిన టిక్కీ విప్పడానికి వీల్లేదు.
మాకు కావలసినవి నలభై పత్రికలు,
వాళ్లు కుట్టి పంపేవి పదకొండు వందలు.
హిమానీనదాల మీద ఒకటుంది,
ధ్రువపు జింకల దాణా మీద ఒకటి.
ఆ నలభయ్యే విడిగా అడిగితే
మొత్తం మూటకన్నా ఎక్కువ చెప్పారు.
తాలుతో సహా తీసుకున్నాం.

ఎంతకి అని అడక్కండి.
చెప్పకూడదని పంతొమ్మిదో క్లాజు.
పక్క కాలేజీ ఎంత కట్టిందో నాకు తెలీదు,
నేనెంత కట్టానో వాళ్లకి తెలీదు.
సంతలో ఎడ్ల బేరగాళ్లు
తుండుగుడ్డ కింద వేళ్లు నొక్కుకున్నట్టు.
కాకపోతే ఆ గుడ్డ కింద
రెండు చేతులూ చెమర్చేవి.

సాయంత్రం నాలుగింటికి నాగుల్ మీరా వచ్చాడు.
పెదనందిపాడు దగ్గర నాలుగెకరాలు కౌలుకి చేస్తాడు.
చెప్పులు గుమ్మం బయట విడిచాడు, ఇక్కడెవరూ విడవరు.
"నా చేలో పురుగు మీద మేడం రాసిందంట గదా,
చూసి పోదామని" అన్నాడు.

రాసింది.
పూతలో దూరి నల్లగా పాకే తామర పురుగు.
రెండు సీజన్లు డాక్టర్ సువర్చల ఆ గట్ల మీద తిరిగి
పూలు దులిపి, తెల్లకాగితం మీద లెక్కపెట్టింది.
రాసినందుకు ఆమెకి పైసా రాలేదు.
తప్పొప్పులు చూసినవాళ్లకీ రాలేదు.
అందరికీ తెరిచి పెట్టమంటే మాత్రం
రెండు లక్షల పైమాట.
పెద్ద సంస్థలకైతే ఆ ఖర్చు ఒప్పందంలోనే కలిసిపోతుంది.
మాది చదివే ఒప్పందం, రాసే ఒప్పందం కాదు.
గుంటూరు పురుగుకి అలా తాళం పడింది.

పాత ఒప్పందంలో ఒక వాక్యం ఉంది:
లైబ్రరీలోకి నడిచొచ్చిన ఎవరైనా
తెర ముందు కూర్చుని చదువుకోవచ్చని.
కొత్తదాంట్లో లేదు.
నాలుగు శాతం తగ్గింపుకి దాన్ని వదిలేసింది నేనే.
ఎవరొస్తార్లే అనుకున్నాను.

కుర్చీ లాగి కూర్చోబెట్టాను.
ప్రింటు తియ్యకూడదు, పెన్‌డ్రైవులో ఎక్కించకూడదు.
నోటితో చెప్పకూడదని ఏ క్లాజూ లేదు.
చెప్పాను, వాక్యం తర్వాత వాక్యం, మన మాటల్లో.
పట్టికల దగ్గర తడబడ్డాను.
పురుగుమందుల కొట్టువాడిచ్చిన డైరీలో
ఎర్ర బాల్‌పెన్నుతో రాసుకుంటున్నవాడు
ఒకచోట చెయ్యి ఆపాడు.
"మూడో వారం పురుగు తగ్గిందని రాసిందా?
అప్పుడు ముసురు పట్టింది సారూ, నాలుగు రోజులు.
మందుక్కాదు అది తగ్గింది."
వెనక్కీ ముందుకీ వెతికాను.
వాన మాట ఆ పన్నెండు పేజీల్లో ఎక్కడా లేదు.
పక్కన రాద్దామంటే తెరకి మార్జిను లేదు.

ఏడున్నరకి వాచ్‌మన్ ఒక్కో లైటూ ఆర్పుకుంటూ వచ్చాడు.
నాగుల్ మీరా డైరీ నా ముందుకి తోశాడు.
"జిరాక్సు తీసుకోండి. మేడానికీ ఒకటియ్యండి,
ఆ వాన సంగతి చూసుకుంటుంది.
ఎవరన్నా అడిగితే వాళ్లకీ."
ఎంత, అని అడగబోయి
నాలిక కరుచుకున్నాను.

మిషను వేడెక్కడానికి రెండు నిమిషాలు పట్టింది.
మూత కింద ఆకుపచ్చ వెలుగు పాకుతుంటే
డైరీ మడతలోంచి ఎర్రటి పొడి కాస్త రాలింది.
అతను తుమ్మాడు.
వెంటనే నేను.