పీత గ్లాసు

కురుపాం మార్కెట్ వెనక సందులో
సింహాద్రప్పడు గ్లాసుని ట్యూబులైటుకి ఎత్తి పట్టాడు.
గొడుగేసుకున్న పీత బొమ్మ.
అరకిలో టీపొడికి ఊరికే వచ్చింది.
వెనకవైపు డాల్ఫిన్స్ నోస్, లైట్‌హౌసూ ఉండేవి,
ఇప్పుడు పచ్చటి మరక.

అంచు చుట్టూ గోరు తిప్పాడు.
వేలితో మీటి చెవి పెట్టాడు
పుచ్చకాయ బేరమాడేవాడిలా.

"తాగీసినారు," అన్నాడు, దొంగని పట్టినట్టు.
"తాగందయితే ఆరొందలు.
దీనికి ఓ డెక్క నేదు. నలభై."

ఆ డెక్క మీదే మా చిన్నక్క బొటనవేలు ఉండేది.
పదకొండేళ్లు,
నైట్ షిఫ్ట్ దిగి రాగానే మజ్జిగ.
హుద్‌హుద్ గాలికి షోకేసు పడి
మెరిసే ఐదు గ్లాసులూ పోయాయి.
ఇది ఎంగిలిది, సింకులో ఉండి బతికింది.

చెప్పాను.
"దానికి రేటు నేదు బావు."

టీ కుర్రాడొచ్చాడు. కప్పు ఒకటి తక్కువ.
కొనకముందే నా గ్లాసులో ఒంపేసుకున్నాడు అప్పడు.
వెనక టీ రంగు నిండగానే
అరిగిన చోట సన్నటి గీత తేలింది:
లేని డెక్క
గొడుగు కర్రని ఇంకా పట్టుకునే ఉంది.

ఇద్దరం చూశాం.

"యాభై," అన్నాడు, ఊదుకుంటూ.