బాణం గీత దాటొద్దు

ప్రాణహిత గోదారిని తాకే చోట,
సిరొంచ వైపు రాళ్ల మీద నిలబెట్టి
మా చెల్లె కొడుకు సుమేధ్ ఫోను నా చేతిలో పెట్టిండు.
"పెద్దమ్మా, ఉన్న చోటనే తిరుగు.
తెర మీద బాణం తెల్లగీత దాటొద్దు."

ముప్పై ఏండ్లు మిషన్ తొక్కినదాన్ని,
గీత మీద పోవుడు నాకు నేర్పుతవురా?

పోనిచ్చిన.
ఇసుకల పుచ్చతీగలు,
మరాఠీల రాసిన పసుపు రాయి,
ఎండలో నిద్రపట్టిన ఎవరిదో బర్రె,
నీళ్లు,
ఒక రంగు నీళ్లు ఇంకో రంగు నీళ్లను
కాసేపు పక్కకు నెట్టి, ఆఖరికి ఒప్పుకునే చోటు,
అవతల కాళేశ్వరం,
మైకుల ఎవరో తప్పిపోయిన పిల్లగాని పేరు చెప్తున్నరు
(అది ఫోటోల పడదట),
వంతెన.

"మెల్లగా" అని తెర మీద అక్షరాలొచ్చినయి.
తొందరపడితే బాబిన్ల దారం లెక్క
ఆకాశం చిక్కుపడ్తదట.
అదే టైముకు ఫోను గుర్రుమన్నది:
తెలంగాణకు స్వాగతం.
నేను అడుగు కూడ కదల్లే.

అయినంక చూసుకున్నం.
వంతెనకు ఒక కాలు సగమే ఉన్నది.
బర్రె మెడ కాడ అతుకు సరిగ కూడలే,
కొత్తగ పనికొచ్చిన పిల్ల చెయ్యి కుట్టినట్టు.
ఎడమ చివర దుర్గం బాపు.
కుడి చివర మళ్ల దుర్గం బాపు.

నా వీపు వెనుకనుంచి ఉరికిండట,
అరవై ఏండ్ల మనిషి,
సుమేధే నేర్పిండు ఆ దొంగపని.
ఇద్దరు బాపులను చూసుకొని
దగ్గొచ్చేదాంక నవ్విండు.
నేను వేళ్లతో పెద్దగ చేసి చూసిన.
వంతెనకు అటు బాపు చేతిల పడవ గడ ఉన్నది.
ఇటు బాపు చేతులు ఉత్తయి.
"ఉరకాల్నంటే బరువైంది, అక్కడనే పడేసిన"
అన్నడు, నవ్వు ఆపి.
ఎవరం ఇంకేం అడగలే.

తర్వాత గుండ్రంగ ఇంకోటి తీయించిండు:
పైకి, కిందికి, నాలుగు దిక్కులకు,
చుక్క కనపడ్డ కాడల్లా ఆగుకుంట.
మెడ నొప్పి. మోకాళ్లు నొప్పి.
మాపటీలి మంచం మీద పండి
ఫోను అటు తిప్పితే అటు నది తిరిగింది,
బోర్ల పట్టుకుంటే ఆకాశం మీదికొచ్చింది.
బర్రె కూడ లేచి నిలబడ్డది.
అందరున్నరు.
నేను నిలబడ్డ రాయి కోసం
కిందికి, ఇంకా కిందికి జరిపిన.
అక్కడ బూడిదరంగు చిన్న రంధ్రం,
జాకెట్ కాజా అంత.

"అది నువ్వున్న చోటు పెద్దమ్మా, కెమెరాకు అందలే.
పూడ్చే యాప్ ఉన్నది, ఒక్క నిమిషం" అన్నడు.

ఉండనియ్‌రా.
కాజా కోసి, చుట్టూ కుట్టేసినంక
ఎవరన్న మూస్తరా?