విరిగినవాటి డబ్బా

వేలాయుధం సారు ఆ పొద్దు
రిజిస్టరు వెనక పేజీలో నిలువుగా గీత గీసి
ఎడమ పక్క పాతోళ్లను, కుడి పక్క కొత్తోళ్లను రాసినాడు.
నా పేరుకు ఎదురుగా పడినాడు మునికుమార్.
పెనుమూరు అవతల ఏదో పల్లె,
ఆరున్నర బస్సు తప్పితే ఆ దినమే తప్పినట్టు.

"చూసుకో మే" అన్నాడు సారు.
ఏం చూసుకోవాలో చెప్పలేదు.

నాకు తెలిసినవి చెప్పినా:
ఆకురాయి ముందుకు పోయేటప్పుడే కోస్తుంది,
వెనక్కి వచ్చేటప్పుడు ఒత్తొద్దు.
వైసు పిడిని పట్టుకోని వేలాడొద్దు.
క్యాంటీన్లో అప్పు పెడతారు, శనివారం అందరి ముందరా అడుగుతారు.
స్కాలర్‌షిప్పుకు ఆధార్ జిరాక్సు రెండంటారు, మూడు తీసుకో.
గిరింపేటలో ఆ మూల అంగడిలో అయితే రూపాయి తక్కువ.

దేనికైనా "సరేక్కా" అనేవాడు.
నాకు సరేక్కా అనేవాళ్లతోనే భయం.
నేనూ అట్లే అంటా ఉండినా.

దీపావళికి ముందు వారం
మర కోస్తా కోస్తా ట్యాపు విరిచినాడు.
సగం రంధ్రంలో, సగం చేతిలో.
టక్కుమన్న చప్పుడుకు
షాపులో ఉన్న ఇరవై ఆకురాళ్లూ ఒక్కసారి ఆగినాయి.
చేతిలో సగాన్ని జేబులో వేసుకోని
నీళ్లు తాగొస్తానని పోయినాడు.

మంగళవారం రాలేదు.
బుధవారం ఫోను చేస్తే వాళ్లమ్మ,
"కాలేజీకే కదమ్మా పోయింది,
క్యారియరు కూడా కట్టిస్తినే" అనింది.

పెనుమూరు బస్సు కండక్టరు చెప్తే
గురువారం సాయంత్రం బెల్లం మండీకి పోయినా.
మూటలెత్తతా ఉండాడు.
వీపంతా జిగట, జిగట మీద ఈగలు.
నన్ను చూసి మూట దించకుండానే
"ట్యాపు వెల ఎంతక్కా?" అన్నాడు.
ఎన్ని మూటలకు ఎన్ని దినాలో లెక్కేసుకున్నాడు.
వాడి లెక్కలో అది బంగారంతో చేసిన ట్యాపు.

నేనేం మాట్లాడలేదు.
సంచీలోంచి డబ్బా తీసినా,
మూత మీద పాప బొమ్మకు మొగం చెరిగిపోయిన
బిస్కెట్ల డబ్బా. కదిలిస్తే గలగల.
లోపలంతా విరిగిన డ్రిల్లు బిట్లు, హాక్సా ముక్కలు,
పళ్లు రాలిన ట్యాపులు,
ఒక్కోదానికి దారంతో కట్టిన చీటీ.

"గౌసియా, రెండో నెల."
"గౌసియా, మళ్లీ."
"హేమావతి, మొదటి దినమే."
"హేమావతి, సారు చూస్తా ఉండంగానే."
అడుగున తుప్పు పట్టిన తునకొకటి,
దాని చీటీ మీద సిరా పోయింది.
అదెవరిదో గౌసియాకూ తెలీదు.

శ్రీసిటీలో పని దొరికి పోతా పోతా
ఆమె ఈ డబ్బా నా చేతిలో పెట్టి
"పోగొట్టినావో, చంపుతా" అనింది.
అంతకు మించి ఏమీ అనలేదు.

వాడు మూట దించినాడు.
చీటీలు ఒకటొకటే, వేలు పెట్టి, చదివినాడు.
"సారు చూస్తా ఉండంగానేనా?" అని
మొదటిసారి పళ్లు కనపడేట్టు నవ్వినాడు.
జేబులోంచి తీసినాడు సగం ట్యాపు.
నాలుగు దినాలు మోసినట్టుండాడు,
బెల్లం అంటుకోనుంది.
పెన్ను ఇద్దరి దగ్గరా లేదు.
మండీ గుమాస్తా తన పెన్నిచ్చి
బిల్లు కాయితం కూడా చించిచ్చినాడు, ఎందుకని అడగకుండా.

శుక్రవారం సారు ఒక్క మాటా అనలేదు.
రంధ్రంలో ఇరుక్కున్న ఆ రెండో సగాన్ని
పొద్దున్నించి మధ్యాహ్నం దాకా
వాడి చేతనే తీయించినాడు.

చదువుకు వెలుగొక్కటే గురుతని అందరూ అంటారు.
మా షాపులో ఇంకో మాట.
ఇనుప దిమ్మెకు మూలమట్టం ఆనించి
కిటికీ దిక్కు ఎత్తి పట్టుకుంటే
సందులోంచి వెలుగు రాకూడదు.
వస్తే నీ మూల ఇంకా మూల కాలేదని.

నిన్న వాడు తెచ్చి చూపించినాడు.
నేను ఒక కన్ను మూసి చూసినా.
వస్తా ఉంది, వెంట్రుకంత.

"ఇంకొంచెం రా" అన్నా.
సరేక్కా అనలేదు.
దిమ్మెను తిప్పి, తానూ ఒక కన్ను మూసి,
"ఏ పక్కక్కా?" అన్నాడు.