తోడిపోసే దేవత

పదహారో శీతాకాలం దాటినవాళ్ళం ఐదుగురం
గుడిమెట్ల మీద మంచు దులుపుకుంటూ నిలబడ్డాం.
లోపల నలభై ఒక్క మంది దేవుళ్ళు.
ఒక్కరి పేరే మోయాలి, చచ్చేదాకా.

హల్వెన్ గాలిదేవుడి కాళ్ళ మీద పడ్డాడు,
వాళ్ళింట్లో మూడు తరాలుగా అదే.
సిర్వాకి చేపలరాణి కావాలి.
ఆ విగ్రహం కళ్ళు నిజం ముత్యాలు, ఎవరికి చేదు?

నేను నడుస్తూనే ఉన్నాను.
పిడుగు, పంట, పురుడు, పగ...
సంతలో గొర్రెను చూసినట్టు చూశారు నన్ను.

చివరి మూల, చీపుర్ల పక్కన
ఓర్ట.
పడవలో చేరిన నీళ్ళు తోడిపోసే దేవత.
ముఖం లేదు. ఒక చెక్క డొప్ప, అంతే.
అంచు పగిలింది.
మంత్రం లేదు, పండగ లేదు.

పూజారి గొంతు తగ్గించాడు:
"తుఫాను ఆపలేదమ్మా ఈవిడ. ఒడ్డు కూడా చూపలేదు."

తెలుసు.
పడవకి చిల్లిపడిన రాత్రి
గాలిదేవుణ్ణి పిలిచి పిలిచి
గొంతు పోయింది మా అన్నకి.
నాన్న మాత్రం నోరు విప్పలేదు.
తోడుతూనే ఉన్నాడు
గంజి తాగే గిన్నెతో.
తెల్లారి చూస్తే గాలి అలాగే ఉంది,
పడవ కూడా అలాగే ఉంది.

ఆ గిన్నెలోనే ఇవాళ పొద్దున గంజి తాగి వచ్చాను.

డొప్ప చేతిలోకి తీసుకున్నాను.
అడుగున ఎవరి కాలానిదో ఉప్పు.
వెనక నుంచి హల్వెన్ నవ్వాడు,
"ఏం వరమిస్తుందట?"

చేతులు నొప్పెడతాయి, అన్నాను.